ఊఁ వినని మైకు

సుభాషిణికి ముక్కు మీద కోపం. ఈ సంగతి గుడివాడలో వాళ్ల వీధిలో ఎవరినడిగినా చెబుతారు. గ్యాస్ సిలిండర్ తెచ్చే అతను గేటు బయటి నుంచే "బరువు చూసుకునే తెచ్చానండీ" అని ముందుగా సంజాయిషీ ఇచ్చుకుంటాడు. కూరగాయల బండివాడు ఆవిడ వంకాయల్ని తిప్పి తిప్పి చూసి అవతల పెట్టేదాకా ఇంకో బేరం పెట్టుకోడు. కన్నకొడుకు పవన్ రొయ్యల మేత ఏజెన్సీ నడుపుతాడు, చెరువుల వాళ్లందరి మీదా గొంతు చించుకుని అరుస్తాడు; ఇంటి గుమ్మం తొక్కగానే పిల్లిలా అయిపోతాడు. అయితే ఒక్క మాట. ఆవిడ కోపాన్ని చూసి నవ్వుకున్నవాళ్లే తప్ప, ఆ కోపం ఎందుకొచ్చిందో నిలబడి విన్నవాళ్లు తక్కువ. కిందటేడు వచ్చిన కోపం మాత్రం నిలబడి వినదగ్గది. అది ఒక మైకు మీద వచ్చింది.

మైకు సంగతి చెప్పాలంటే ముందు మహాలక్ష్మమ్మ సంగతి చెప్పాలి.

మహాలక్ష్మమ్మ సుభాషిణికి ఆడపడుచు, భర్త మధుసూదనరావుకి అక్క. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. నాగాయలంక దగ్గరి పల్లె నుంచి సుభాషిణి కోడలిగా వచ్చేసరికి ఇంటి తాళాలూ, ఆవకాయ జాడీలూ, ఎవరు ఎప్పుడు నిద్ర లేవాలన్న నిర్ణయాలూ అన్నీ ఆవిడ చేతిలోనే ఉన్నాయి. ఇంకేముంది, మొదటి నెలలోనే పప్పులో ఉప్పు దగ్గర మొదలైంది తగవు. బట్టలు ఏ తీగ మీద ఆరెయ్యాలి, చింతపండు ఏ డబ్బాలో పొయ్యాలి, వీధి తలుపు ఎవరు వెయ్యాలి, అన్నీ తగవులే. ఇద్దరూ ఒకరికొకరు తీసిపోరు. మధుసూదనరావు మధ్యలో నలిగి నలిగి, పేపరు అడ్డం పెట్టుకుని బతికాడు. ఆయన పోయి చాలా కాలమైంది. తగవు మాత్రం చెక్కుచెదరలేదు.

కానీ ఆ ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక గంట తగవుకి సెలవు. ఇద్దరూ వరండాలో ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. సుభాషిణి కథ చెప్పేది, మహాలక్ష్మమ్మ ఊఁ కొట్టేది. పొద్దున్నుంచీ ఒకరి మొహం ఒకరు చూసుకోనంతగా పోట్లాడుకున్న రోజున కూడా ఆ వేళకి ఇద్దరూ వచ్చి కూర్చునేవాళ్లు. సుభాషిణి మొహం గోడ వైపు తిప్పుకునే మొదలుపెట్టేది: "అనగనగా ఒక ఊళ్లో." అటు నుంచి, ఇంకా మండిపడుతూనే, "ఊఁ."

ఊఁ అంటే ఒక్కటే అనుకునేవాళ్లు ఎప్పుడూ కథ చెప్పినవాళ్లు కారు. మహాలక్ష్మమ్మ దగ్గర ఊఁలు బోలెడు. తొందరపెట్టే ఊఁ పొట్టిగా ఉంటుంది. నమ్మలేదు అనే ఊఁ ముక్కులోంచి వస్తుంది. భయం వేసినప్పటి ఊఁ సగంలో తెగిపోతుంది. కథలో ఏదైనా తప్పు చెబితే వచ్చే ఊఁ ఉందే, అది కింది నుంచి పైకి లేస్తుంది, సాగుతుంది, చివర్లో కొరడాలా తగులుతుంది. ఆ ఊఁ వస్తే సుభాషిణి ఆగి, సరిచేసి, ముందుకు వెళ్లాల్సిందే. ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ కథల్లో సగం మహాలక్ష్మమ్మవే.

సుభాషిణికి ఈ అలవాటు అమ్మ దగ్గర నుంచి వచ్చింది. ఉప్పెన వచ్చినప్పుడు ఆమె చిన్నపిల్ల. ఊరంతా బడి మేడ మీద చేరారు. దీపం లేదు, నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అమ్మ పిల్లలందరినీ చుట్టూ పెట్టుకుని కథ మొదలుపెట్టి, "ఒక్కొక్కళ్లూ ఊఁ కొట్టండర్రా, ఎవరూ ఆపకూడదు" అంది. అందరి ఊఁలూ వింటూ అమ్మ చెబుతూనే పోయింది. అది కథ కోసం కాదని, ఊఁ వినపడుతున్నంతసేపూ పిల్ల ఉన్నట్టు లెక్క అని సుభాషిణికి పెద్దయ్యాక అర్థమైంది. అప్పటి నుంచీ ఊఁ లేకుండా కథ చెప్పడం ఆమెకి చేత కాలేదు.

కిందటేడు ఎండాకాలంలో మహాలక్ష్మమ్మకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత కోలుకున్నాయి. మాట పోయింది. మనిషి అన్నీ వింటుంది, అన్నీ తెలుసు, నోరు తెరిస్తే మాత్రం మాట రాదు. నోరు తెరిస్తే ఆగని మనిషి, వీధి చివరి వాళ్ల పెళ్లిలో లోపాలు ఈ చివర కూర్చుని చెప్పగలిగిన మనిషి, మంచం మీద పెదాలు కదిపి కదిపి, రాక, కళ్లు మూసుకునేది. అది చూస్తే సుభాషిణికి ఒళ్లు మండిపోయేది. ఎవరి మీదని అడక్కండి. దేవుడి మీద, డాక్టర్ల మీద, ఆ చచ్చు రక్తనాళం మీద. "నాతో పోట్లాడ్డానికి ఎవరున్నారిప్పుడు?" అని వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేసేది.

"ఆవిడతో మాట్లాడుతూనే ఉండండమ్మా, ఏదో ఒకటి మాట్లాడించండి" అన్నాడు డాక్టరు.

సుభాషిణికి వచ్చిన మాట్లాడించడం ఒకటే. మంచం పక్కన కుర్చీ వేసుకుని, సముద్రానికి ఉప్పు అమ్మడానికి వెళ్లిన ముసలమ్మ కథ మొదలుపెట్టింది. వాళ్లిద్దరికీ ఇష్టమైన కథ అది. ముసలమ్మ కుంటి గేదె మీద ఉప్పు కుండలు వేసుకుని, "సముద్రం ఇంత పెద్దది, దానికి ఉప్పు సరిపోతుందో లేదో" అని బయల్దేరుతుంది. దారిలో అందరూ నవ్వుతారు. సుభాషిణి అక్కడిదాకా చెప్పి ఆగింది. గదిలో చప్పుడు లేదు. ఇంకొంచెం చెప్పి మళ్లీ ఆగింది. లేదు. మూడో రోజున ముసలమ్మ సముద్రం దగ్గరి ఇసుక నేల దాటుతుండగా మంచం మీద నుంచి వచ్చింది.

"ఊఁ."

సుభాషిణి లేచి వంటింట్లోకి పోయి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, "మధ్యలో ఆపానని తిట్టుకోకు వదినా" అని మిగతా కథ చెప్పింది. అప్పటి నుంచీ ఆ ఇంట్లో మహాలక్ష్మమ్మకి ఉన్న ఒకే ఒక్క మాట అది. ఆకలికి అదే, దాహానికి అదే, "ఫ్యాను తగ్గించు"కి అదే. సుభాషిణికి అన్నీ తెలుస్తాయి. పాత ఊఁలన్నీ తిరిగొచ్చాయి మరి.

ఈ కథల్ని పవన్ ఒక రోజు ఫోన్‌లో రికార్డు చేసి స్నేహితుడు గిరీష్‌కి పంపాడు. గిరీష్ విజయవాడలో పిల్లల కథల ఛానెల్ నడుపుతున్నాడు. మర్నాడే ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టి పవన్ అందరికీ వినిపించాడు.

"ఆంటీ, మీ గొంతు అద్భుతం అండీ! ఇలాంటి గొంతు కోసమే వెతుకుతున్నాను. మీరు ఇంట్లోనే కూర్చుని చెప్పండి, నేను ఛానెల్లో పెడతాను. కాకపోతే ఫోన్‌లో కాదు, మంచి మైకు కావాలి. ఇందులో వెనకాల ఎవరో మూలుగుతున్నట్టు వస్తోంది."

సుభాషిణి ఒంటికాలి మీద లేవబోయింది. కానీ పుట్టాక మొదటిసారి ఒకడు తన గొంతు బాగుందన్నాడు. చిన్నప్పటి నుంచీ "గొంతు తగ్గించు" అని విన్న మనిషి. ఆ పొగడ్త తీపి నాలుక మీద ఉండగానే ఆ రెండో మాట జారిపోయింది. మంచం మీద మహాలక్ష్మమ్మ అది విన్నదా లేదా అని కూడా చూడలేదు. తర్వాత దీనికి తన మీద తనే చాలా మండిపడింది, ఆ సంగతి వస్తుంది.

ఇక మైకుల ఊరేగింపు మొదలైంది. పవన్‌కి ఏదైనా కొనాలంటే ముందు ఇంటర్నెట్లో పది మంది తెలియనివాళ్ల అభిప్రాయం చదవాలి. తల్లి అభిప్రాయం ఒక్కటీ అక్కర్లేదు. మొదట చొక్కాకి పెట్టుకునే చిన్న మైకు తెప్పించాడు. దాన్ని చీర అంచుకి తగిలిస్తే కథంతా పట్టుచీర గరగర, గాజుల గలగల. "గాజులు తీసెయ్యమ్మా" అన్నాడు. సుభాషిణి చూసిన చూపుకి మైకే తీసేశాడు. తర్వాత నున్నటి బుడ్డిలాంటి మైకు వచ్చింది. అది మహా చెవుల మైకు. పక్కింటి మిక్సీ, వెనకవీధి గుడి మైకు, గుడ్లవల్లేరు రోడ్డు మీద లారీ హారన్, పవన్ కడుపులో ఆకలి, అన్నీ విని పెట్టింది. పైగా సుభాషిణి "భూతం" అన్నా "ఫలానా" అన్నా లోపల టపాకాయ పేలినట్టు వచ్చేది.

"భ అంటే అంత గట్టిగా అనక్కర్లేదేమో అమ్మా."

"భ ని భ అనకపోతే బ అనమంటావట్రా? బూతం అని చెప్పనా పిల్లలకి? నీ మైకు కోసం నా అక్షరాలు మార్చుకోనా?"

పవన్ ఆ మైకునీ పెట్టెలో పెట్టేశాడు. చివరికి గిరీషే స్వయంగా ఒక మైకు తెచ్చాడు, నల్లగా, మందంగా, స్టాండుతో. కూడా ఒక నల్ల గుడ్డ జల్లెడ, భ ల కోసమట. మంచివాడే, వచ్చీరాగానే సుభాషిణి కాళ్లకి దణ్ణం పెట్టాడు. గది కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడకి పరుపు నిలబెట్టి, ఫ్యాను ఆపి, "ఈ మైకు ముందు వైపు మాట ఒక్కటే వింటుందాంటీ. వెనకాల ఎంత గోల ఉన్నా పట్టించుకోదు. ఇంట్లో రికార్డింగుకి ఇంతకన్నా మంచిది లేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "పెద్దావిడని కాసేపు అవతల గదిలో పడుకోబెడదామా?" అన్నాడు.

"ఎందుకు?"

"ఆ మూలుగు వస్తుంది కదండీ."

"అది మూలుగు కాదు బాబూ. ఊఁ. నీకు చిన్నప్పుడు ఎవరూ కథ చెప్పలేదా?"

గిరీష్ నవ్వి, "చెప్పారండీ, కానీ రికార్డింగ్ వేరు కదా" అన్నాడు. వాడి వాదన వాడిది. బడికెళ్లే పిల్లలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటారు, మధ్యలో ఇంకో గొంతు వస్తే తికమకపడతారు. సుభాషిణి ఒప్పుకోలేదు. "ఆవిడ లేచిపోతే నేనూ లేచిపోతాను" అంది. రాజీ కుదిరింది. మహాలక్ష్మమ్మ కుర్చీని మైకు వెనక వైపు, సుభాషిణికి ఎదురుగా వేశారు. మనుషులిద్దరూ ఎప్పటిలాగే ఎదురెదురు. మధ్యలో ఆ నల్లది, ఒకళ్లకి మొహం పెట్టి, ఒకళ్లకి వీపు పెట్టి. సుభాషిణికి అప్పుడే ఏదో గుచ్చుకుంది. ఎందుకో తెలియక ఊరుకుంది.

కథ బాగా వచ్చింది. మహాలక్ష్మమ్మ ఉత్సాహంగా ఊఁ కొట్టింది. ఆ రోజు ఆవిడ మంచి చీర కట్టించమని, పెట్టె వైపు చూస్తూ ఊఁ ఊఁ అని పేచీ పెట్టి మరీ కట్టించుకుంది. రికార్డింగ్ అంటే తనది కూడా అనుకుంది.

తర్వాతి వారం కథ ఛానెల్లో వచ్చింది. పవన్ పెద్ద స్పీకరుకి తగిలించి హాల్లో పెట్టాడు. మహాలక్ష్మమ్మని దిండ్లు ఆనించి కూర్చోబెట్టారు. సుభాషిణి గొంతు గలగలా వచ్చింది, లారీలు లేవు, మిక్సీ లేదు, భ లు పేలలేదు. పవన్ మొహం వెలిగిపోయింది. "అనగనగా సముద్రం ఒడ్డున ఒక ముసలమ్మ" అని స్పీకరు అంది. మహాలక్ష్మమ్మ తలాడించి, తన చోటు వచ్చేసరికి "ఊఁ" అంది. కానీ ఆ చోటు అక్కడ లేదు. స్పీకర్లో సుభాషిణి అప్పటికే గేదె దగ్గరికి వెళ్లిపోయింది. ఊఁ వెళ్లి ఇంకో మాట మీద పడింది. ఆవిడ మళ్లీ సర్దుకుని అంది. మళ్లీ ఆలస్యమే. మైకు వినని ఊఁలు పోగా, కాస్తో కూస్తో విన్నవాటిని గిరీష్ కంప్యూటర్లో తుడిచేశాడు. ఊఁ కోసం సుభాషిణి ఆగిన చోట్లన్నీ ఖాళీలని కత్తిరించి దగ్గరికి లాగేశాడు. "అప్పుడేమైందో తెలుసా?" అని స్పీకరు అడిగింది. అడిగి, ఎవరి కోసమూ ఆగకుండా పోయింది.

మహాలక్ష్మమ్మ ఇంకోసారి నోరు తెరిచింది. ఆగింది. మూసుకుంది. కథ అయిపోయేదాకా స్పీకరు వైపే చూస్తూ కూర్చుని, తర్వాత చేత్తో పడుకోబెట్టమని సైగ చేసింది.

సైగ. ఊఁ కాదు.

ఆ మధ్యాహ్నం సుభాషిణి కథ చెబితే జవాబు లేదు. మర్నాడూ లేదు. మంచినీళ్లకి వేలు చూపించింది. ఫ్యానుకి వేలు చూపించింది. నోరు విప్పలేదు. సుభాషిణి బతిమాలింది, తిట్టింది, పాత తగవులన్నీ తవ్వి పోసింది, "నీ ఆవకాయ ఎప్పుడూ ముక్క మెత్తబడేది" అని ఘోరమైన అబద్ధం కూడా ఆడింది. లేదు. మూలుగు అని గిరీష్ మొదటి రోజు ఫోన్ స్పీకర్లో అనడం ఆవిడ విన్నది. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పించుకుని, తర్వాత ఆ మూలుగుని శుభ్రంగా తుడిచేయడం కూడా విన్నది. ఇంక ఎందుకంటుంది? ఉన్న ఒక్క మాటా ఎవరికీ అక్కర్లేదని తేలిపోయాక.

ఇది అర్థమైన క్షణాన సుభాషిణికి వచ్చిన కోపాన్ని చూసి పనిమనిషి చీపురు వదిలేసి పెరట్లోకి వెళ్లిపోయింది. ముందు తన మీద వచ్చింది. వెధవ పొగడ్తకి పడిపోయి ఆ మాటకి అక్కడే చెప్పు తియ్యలేదే అని. తర్వాత ఫోన్ తీసింది.

"గిరీష్, మా వదిన ఊఁ ఏం చేశావు?"

"అదా ఆంటీ, నాయిస్ కదండీ, క్లీన్ చేశాను. ఎంత నీట్‌గా వచ్చిందో చూశారా?"

"నాయిసా?" సుభాషిణి గొంతు వీధి చివరిదాకా వెళ్లింది. "మా వదిన నాయిసా? మీ ఇంట్లో మీ అమ్మ నిన్ను అన్నానికి పిలిస్తే అది నాయిసా? నేను కథ ఎవరికి చెబుతున్నాననుకున్నావు, నీ నల్ల ముద్దకా? ఆవిడ వింటోంది కాబట్టి చెబుతున్నాను. ఆవిడ సరే అంటేనే నా ముసలమ్మ అడుగు ముందుకేస్తుంది. ఆ కథ తీసెయ్. ఇప్పుడే తీసెయ్."

"ఆంటీ, వేలమంది విన్నారండీ..."

"వేలమంది విన్నారు, ఒక్క మనిషి నోరు మూసుకుంది. తీసెయ్!"

తీసేశాడు. కానీ తీసేస్తే పోయిన మాట తిరిగి రాదుగా. ఫోన్ పెట్టేసి సుభాషిణి కాసేపు ఆయాసపడుతూ కూర్చుని, "కారు తియ్యరా" అంది పవన్‌తో. "బందరు వెళ్దాం. ఈసారి మైకు నేను కొంటాను. మీ అత్తని కూడా ఎక్కించు."

"అత్తని ఇంత ఎండలో ఎందుకమ్మా? నాకు చెప్తే ఆన్‌లైన్లో..."

"నీ ఆన్‌లైన్‌లో ఊఁ దొరుకుతుందేమో చూడు. దొరక్కపోతే కారు తియ్."

పవన్ అత్తని ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. పెడన మీదుగా బందరు చేరారు. బందరు కోనేరు సెంటరు దగ్గర సుందరరాజు సౌండ్ సర్వీసు ఉంది. పెళ్లిళ్లకీ, చర్చి కూటాలకీ, మీటింగులకీ మైకు సెట్లు అద్దెకిస్తాడు, మైకులు అమ్ముతాడు. సుభాషిణి లోపలికి వెళ్లగానే అతను ఒక మైకు తీసి, వేలితో టకటకా కొట్టి, "హలో హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అన్నాడు. "చూశారా మేడమ్, గంట కొట్టినట్టుంది."

"నేను ఇంట్లో హలో హలో అని చెప్పుకోనండీ" అంది సుభాషిణి. "కథ చెబుతాను. ఆవిడ ఊఁ కొడుతుంది. రెండూ వినాలి. నాకెంత వినపడుతుందో ఆవిడకీ అంతే. పక్కనున్న గోలేమీ వినకూడదు. అలాంటిది ఉంటే చూపించండి. లేకపోతే లేదని చెప్పండి, ఊరికే గంటలు కొట్టకండి."

సుందరరాజు ఇంతటి కోపాన్ని మైకు కొనడానికి వచ్చినవాళ్లలో ఎప్పుడూ చూడలేదు. కారులో కూర్చున్న మహాలక్ష్మమ్మని చూశాడు. తల గీరుకున్నాడు. "ఎదురెదురుగా కూర్చుంటారాండీ?"

"ఎన్నో ఏళ్లుగా."

అతను లోపల అరలోంచి ఇంకో పెట్టె తెచ్చాడు. "ఇది ఇంటర్వ్యూలకి వాడతారండీ. దీనికి వీపు లేదు, రెండు వైపులా మొహాలే. పక్కల నుంచి వచ్చేది వినదు. కానీ గది చప్పుడు కొంచెం వస్తుంది, అది మాత్రం చెప్పేస్తున్నాను. ఒక్కళ్లే మాట్లాడేదానికి ఎవరూ తీసుకోరు."

"ఒక్కళ్లే మాట్లాడేదానికి నేనూ తీసుకోను."

మహాలక్ష్మమ్మని పవన్ మెల్లగా దింపి కుర్చీలో కూర్చోబెట్టాడు. కౌంటరు మీద మైకు మధ్యలో పెట్టారు. హెడ్‌ఫోన్లు తనకివ్వబోతే సుభాషిణి తీసుకోలేదు, వాటిని వదిన చెవులకి పెట్టింది. మహాలక్ష్మమ్మ మొహం తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం సుభాషిణికి కొత్తేమీ కాదు. ఎన్ని వేలసార్లు చూసిందో.

"అనగనగా సముద్రం ఒడ్డున ఒక ముసలమ్మ" అని మొదలుపెట్టి ఆగింది.

షాపులో ఫ్యాను తిరుగుతోంది. మహాలక్ష్మమ్మ కళ్లు గోడ మీది క్యాలెండరు మీద ఉన్నాయి.

"ముసలమ్మ ఉప్పు కుండలు సర్దుకుంది." ఆగింది. లేదు.

సుభాషిణికి మళ్లీ ఒళ్లు మండింది. ఈసారి ఎదురుగా కూర్చున్న మొండి మనిషి మీద. మాటలు రాకపోతే పోనీ, ఉన్న ఒక్కదాన్నీ పంతానికి దాచుకుంటావా? ఎవడో వెధవ మూలుగన్నాడని నాకు చెప్పకుండా మానేస్తావా? నేనేం చేశాను నిన్ను? పళ్లు బిగబట్టి, గొంతులో విషం నింపుకుని, మెల్లగా, ఒక్కొక్క అక్షరం నొక్కి అంది:

"కుండలు సర్దుకుని, ముసలమ్మ తన తెల్ల గుర్రం ఎక్కింది."

కుంటి గేదె. ఎన్నేళ్లుగానో అది కుంటి గేదె. మొట్టమొదట అది మంచి గేదె, కుంటిది చేసింది మహాలక్ష్మమ్మే. "మంచి గేదె అయితే ముసలమ్మ ఎక్కి తిరిగేది కాదు, పాలు అమ్ముకునేది. దానికి కాలు కుంటు" అని తీర్పు చెప్పింది. ఆ గేదె ఆవిడది. దాన్ని గుర్రం చేసింది సుభాషిణి, బందరులో, బయటివాళ్ల ముందు.

మహాలక్ష్మమ్మ తల తిరిగింది. క్యాలెండరు వదిలి కళ్లు నేరుగా సుభాషిణి మీదికి వచ్చాయి. మెడలో నరాలు కదిలాయి.

"ఊఁ!"

కింది నుంచి పైకి లేచింది, సాగింది, చివర్లో తగిలింది. సుందరరాజు ముందున్న, గొంతు జోరు చూపించే డబ్బా మీద పచ్చ దీపాలు ఒక్కసారిగా ఎర్రదాకా ఎగబాకాయి. అదే సమయంలో ఆ ఊఁ హెడ్‌ఫోన్లలో, పూర్తిగా, ఏమీ తరక్కుండా, ఆవిడ చెవుల్లోనే పడింది. మహాలక్ష్మమ్మ ఉలిక్కిపడింది. మైకు వైపు చూసింది. నెమ్మదిగా, దొంగచాటుగా, ఇంకోసారి అంది.

"ఊఁ."

మళ్లీ వినపడింది. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా కోపం తగ్గలేదు, సుభాషిణి వైపు చెయ్యెత్తి గుర్రాన్ని దింపమన్నట్టు ఊపింది.

"కుంటి గేదె" అంది సుభాషిణి. "కుంటి గేదె ఎక్కింది. క్షమించు తల్లీ, కుంటి గేదే."

"ఊఁ."

"ఇది ఇచ్చెయ్యండి" అంది సుందరరాజుతో, మొహం అటు తిప్పుకునే. "అట్టపెట్టె కూడా ఇవ్వండి. మా వాడు పెట్టె లేకపోతే కొన్నట్టు నమ్మడు."

ఇంటికొచ్చాక కథ మళ్లీ రికార్డు చేశారు. దుప్పట్లు కట్టలేదు. మిక్సీవాళ్లని మాత్రం సుభాషిణి స్వయంగా వెళ్లి కేకలేసి ఆపించింది. పవన్ దాన్ని గిరీష్‌కి పంపాడు, ముక్క కూడా తియ్యకూడదన్న హెచ్చరికతో. రెండు రోజులకి గిరీష్ ఫోన్ చేశాడు. పాపం, భయపడుతూనే మాట్లాడాడు.

"కథ చాలా బాగుందాంటీ. ముందు దానికన్నా బాగుంది. నేను ఏమీ కత్తిరించలేదు. ఒక్కటే అడుగుతాను, కోప్పడకండి. ఆ రెండో గొంతు, పూర్తిగా తియ్యను, కాస్త తగ్గించనా? వెనక్కి తోస్తే వినేవాళ్లకి..."

సుభాషిణి నోరు తెరిచింది. ఏం అనాలో అన్నీ నాలుక చివరన సిద్ధంగా ఉన్నాయి, ఒక్కొక్కటీ నిప్పు. కానీ అనలేదు. లేచి, మంచం దగ్గరికి వెళ్లి, ఫోన్ వదిన చెవి దగ్గర పెట్టింది.

"నీ గొంతు తగ్గించనా అని అడుగుతున్నాడు వదినా. నన్ను కాదు అడగాల్సింది. నువ్వే చెప్పు."

మహాలక్ష్మమ్మ ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుంది. కాసేపు దాన్ని చూసింది. నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఊపిరి పీల్చుకుంది. గుర్రాన్ని గేదె చేసిన ఊఁ, మరదల్ని హడలగొట్టిన ఊఁ, కింది నుంచి లేచి, సాగి, చివర్లో ఛెళ్లుమంది.

 "అలాగేనండీ" అన్నాడు అవతల గిరీష్.